334 ఎవరిది?

“ఓపెన్ సోర్సే కదా, ఎవడొచ్చి అడుగుతాడు?”

సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో ఈ మాట ఎంత మామూలైపోయిందంటే, అన్నవాడికి అన్నట్టుండదు, విన్నవాడికి విన్నట్టుండదు. అడిగేవాడు లేడు కాబట్టి తీసుకున్నదానికి లెక్క చెప్పక్కర్లేదని దీని అర్థం. ఇంకొకళ్ళు రాసిన కోడ్ తీసుకుని, వాళ్ళు పెట్టిన షరతు పక్కన పారేసి, మూసిన డబ్బాలో పెట్టి మన బ్రాండ్ వేసి అమ్ముకోవడాన్ని నేను దొంగతనం అంటాను. తోటి ఉద్యోగులు నొచ్చుకుంటారు. “మరీ అంత పెద్ద మాటెందుకండీ, కోడ్ అక్కడే ఉందిగా, మనం తెచ్చుకుంటే వాళ్ళకి తరిగిందేముంది?” అంటారు. తరిగిందేమిటో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

సాహిత్య పత్రికలో ఈ గోలెందుకని మీరు అడగొచ్చు. మన కాపీరైట్ చట్టం, 1957 తీసి చూడండి. సెక్షన్ 2(ఓ) ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రాం కూడా సాహిత్య రచనే. మీ కథా, మీ స్నేహితుడి కవితా, ఎవరో రాత్రుళ్ళు కూర్చుని రాసిన లైబ్రరీ కోడూ చట్టం దృష్టిలో ఒకే గూటివి. అదే చట్టం 57వ సెక్షన్ ఇంకో మాట అంటుంది: హక్కులన్నీ అమ్మేసుకున్న తర్వాత కూడా “ఇది రాసింది నేను” అని చెప్పుకునే హక్కు రచయితకి మిగిలే ఉంటుంది. ఎవరి కవితైనా పేరు తీసేసి ఇంకెవరో ఫేస్‌బుక్‌లో పెట్టుకుంటే మనం మూడు రోజులు యుద్ధం చేస్తాం. స్క్రీన్‌షాట్లు, పాత పోస్టుల తేదీలు, క్షమాపణల డిమాండ్లు. ఆ యుద్ధం చేసే ఫోన్‌లోనే, పేర్లు చెరిపేసిన కోడ్ మీద నడిచే యాప్‌లు ఎన్నో ఉండొచ్చు. వాటి గురించి ఒక్క పోస్టూ కనపడదు.

షరతులు బ్రహ్మవిద్యేం కాదు. ఎంఐటీ, బీఎస్‌డీ లైసెన్సులు దాదాపు అన్నిటికీ ఒప్పుకుంటాయి. వాడుకో, మార్చుకో, మూసుకో, అమ్ముకో. నా పేరూ ఈ నాలుగు లైన్లూ మాత్రం దానితోపాటు ఉంచు. అంతే. అపాచీ ఇంకొంచెం వివరంగా దాదాపు అదే చెబుతుంది. జీపీఎల్ గట్టిది: నా కోడ్ కలిపి చేసినదాన్ని ఎవరికైనా ఇస్తే, దాని మూలం కూడా వాళ్ళకి ఇవ్వు, నీకు దొరికిన స్వేచ్ఛ వాళ్ళకీ దొరకనివ్వు. ఏజీపీఎల్ ఆ షరతుని సర్వర్‌లోంచి నడిపే మార్పుచేసిన ప్రోగ్రాములకి కూడా తగిలిస్తుంది. వీటిలో ఏదీ అమ్మొద్దని అనదు. జీపీఎల్ రాసిన రిచర్డ్ స్టాల్‌మన్ 1985లో తన ఈమాక్స్ టేపుల్ని 150 డాలర్లకి అమ్మాడు. ఇంగ్లీషువాళ్ళకి ‘ఫ్రీ’ అనే ఒక్క మాటలో ఉచితం, స్వేచ్ఛ రెండూ ఇరుక్కుపోయి చిక్కొచ్చింది. మనకి రెండు మాటలున్నాయి. హైదరాబాద్‌లో ఈ ఉద్యమం నడిపేవాళ్ళు తమ సంస్థకి ‘స్వేచ్ఛ’ అని చక్కగా పేరు పెట్టుకున్నారు. అయినా మన ఆఫీసులన్నీ ‘ఉచితం’ అన్న మాటనే ఏరుకున్నాయి.

నేను పుట్టి పెరిగింది చిలకలూరిపేట పక్క పల్లెలో. అటు పర్చూరు, ఇటు గుంటూరు, మధ్యలో నల్లరేగడి, పత్తి, మిరప. ఈ నేలకి లైసెన్స్ అనే సంగతి కంప్యూటర్లకంటే ముందే, విత్తనం రూపంలో వచ్చింది. అందుకే దీన్ని విత్తనంతో చెబితే నాకు తేలిక.

పేపర్లో గుంటూరు మిర్చి యార్డు ధరలు ఎప్పుడైనా చూశారా? తేజ, బాడిగ, 341, 334, చివర తాలు. ఆ 334 ఏమిటి? గుంటూరు నుంచి అమరావతి వెళ్ళే దారిలో ఉన్న లాం పరిశోధనా కేంద్రంలో, ప్రజల డబ్బుతో తయారైన వంగడం. ఎల్‌సీఏ-334 దాని పూర్తి పేరు. యార్డులో అరిచి అరిచి ముందున్న అక్షరాలు రాలిపోయాయి, అంకె మిగిలింది. ఆ అంకె మిగిలింది కాబట్టే అది లాంలో పుట్టిందని ఇవాళ్టికీ చెప్పగలుగుతున్నాం. మా పెదనాన్న కళ్ళంలో మంచి కాయలు ఏరి, విడిగా ఎండబెట్టి, గింజ తీసి దాచేవాడు. పక్కూరి చుట్టాలకి నారుకోసం ఇచ్చేవాడు. తీసుకున్నవాళ్ళు దాన్ని 334 అనే పిలిచారు. వాళ్ళ సొంత పేరు పెట్టుకోలేదు. ఎవరూ చెప్పకుండానే ఎంఐటీ లైసెన్సు పాటించారన్నమాట.

ఇప్పుడు ఒక హైబ్రిడ్ విత్తనం ప్యాకెట్ తీసుకుని వెనక్కి తిప్పండి. మొలక శాతం ఉంటుంది, స్వచ్ఛత ఉంటుంది, లాట్ నంబరు ఉంటుంది. తల్లి ఎవరో తండ్రి ఎవరో ఉండదు. మన దేశంలో ప్రైవేటు హైబ్రిడ్ల వెనక విశ్వవిద్యాలయాల వంగడాలూ, రైతులు తరాలుగా కాపాడుకొచ్చిన రకాలూ ఉన్నాయని విత్తన రంగంలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. ప్యాకెట్‌కి మాత్రం తెలియదు. ఆ గింజ తీసి మళ్ళీ వేస్తే తల్లి చేనులా రాదు, కాబట్టి ఏడాదికోసారి కొనాలి. మూసిన సాఫ్ట్‌వేర్‌కి ఇంతకంటే మంచి పోలిక నాకు దొరకలేదు.

విత్తనం విషయంలో కనీసం చట్టం కొంత ఆలోచించింది. 2001లో వచ్చిన మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం కింద కొత్త రకాన్ని నమోదు చేయించుకోవాలంటే దాని తల్లిదండ్రుల వివరాలివ్వాలి, మూల పదార్థం న్యాయంగా సంపాదించానని ప్రకటించాలి. నమోదైన రకాన్ని పరిశోధనకీ కొత్త రకం సృష్టికీ ఎవరైనా వాడుకోవచ్చు. కానీ వ్యాపారానికి దాన్ని మళ్ళీ మళ్ళీ తల్లిగానో తండ్రిగానో వాడాలంటే అనుమతి కావాలి. రైతు మాత్రం దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. బ్రాండు వేసి మాత్రం అమ్మకూడదు. చదువుతుంటే సగం జీపీఎల్ చదివినట్టే ఉంటుంది. హైదరాబాద్‌లోని సెంటర్ ఫర్ సస్టైనబుల్ అగ్రికల్చర్ వాళ్ళు ‘ఓపెన్ సోర్స్ విత్తనం’ అనే పేరు సాఫ్ట్‌వేర్ వైపు నుంచే తెచ్చుకున్నారు. వాళ్ళు అక్కణ్ణుంచి నేర్చుకున్నారు సరే, సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మనం ఏం నేర్చుకున్నాం?

కొన్నేళ్ళ కిందట నేను పనిచేసిన ఒక చిన్న కంపెనీ యార్డు కమిషన్ వ్యాపారులకి లెక్కల సాఫ్ట్‌వేర్ తయారుచేసి అమ్మింది. పేరు అనవసరం. రైతు పేరు, ఎన్ని టిక్కీలు, కాటా తూకం, ధర, కమిషన్, హమాలీ, ముందు తీసుకున్న బాకీ, దాని వడ్డీ, అన్నీ కొడితే చివర తెలుగులో పట్టీ వస్తుంది. ఆ తెలుగు పట్టీయే మా అమ్మకపు మంత్రం. అప్పటిదాకా ఇంగ్లీషు అక్షరాల్లో కెఆర్ఐఎస్‌హెచ్ అని వచ్చే పేరు, ‘కృష్ణమూర్తి’ అని నిండుగా పడుతుంటే రైతులు కాగితం ఎత్తి చూసుకునేవాళ్ళు.

ఆ ‘కృష్ణమూర్తి’లో వట్రసుడి, ణ వత్తు, త వత్తు వాటి వాటి చోట్ల కూర్చోవాలి. ఆ లెక్క మేం రాయలేదు. హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ చేస్తుంది. ఆ పేరు పర్షియన్: హర్ఫ్ అంటే అక్షరం, బాజ్ అంటే తెరిచినది. ఆండ్రాయిడ్‌లో, క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో, లిబ్రె ఆఫీస్‌లో అక్షరాలని కూర్చేది అదే. అది ఎంఐటీ తరహా అనుమతి. పేరు ఉంచితే చాలు. ఫాంటు సిలికానాంధ్ర విడుదల చేసినవాటిలో ఒకటి. మల్లన్న, రామరాజ, సూరన్న, ధూర్జటి, గిడుగు, తెనాలి రామకృష్ణ... ఆ వరసంతా ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉంది. అమ్మే సాఫ్ట్‌వేర్‌లో కూడా కలుపుకోవచ్చు, లైసెన్సు కాగితం పక్కన ఉంచితే చాలు. డేటాబేస్ ఎస్‌క్యూలైట్, దాన్ని రాసినవాళ్ళు పేరు కూడా అడగలేదు, లోకానికి ఇచ్చేశారు. పీడీఎఫ్ తయారుచేసే లైబ్రరీ ఒక్కటే ఏజీపీఎల్. దానికి డబ్బు కట్టి మామూలు వ్యాపార లైసెన్సు తీసుకునే దారి కూడా వాళ్ళే పెట్టారు.

అంటే మొత్తానికి మా మీద పడిన బరువు ఎంత? ఒక లైసెన్సుల పేజీ, ఒక కొనుగోలు. కొనడం ఇష్టం లేకపోతే ఇంకో లైబ్రరీ వెతుక్కోవడం.

విడుదలకి ముందు ‘క్లీనప్’ అని ఒక పని వచ్చింది. లైసెన్స్ ఫైళ్ళన్నీ తీసేయాలి. కోడ్ మొదట్లో ఉండే పేర్ల వ్యాఖ్యలు చెరపాలి. ప్యాకేజీల పేర్లు మార్చి కంపెనీ పేరుతో మొదలయ్యేట్టు చేయాలి. నేను అరపూట కూర్చుని ‘ఇతరుల కోడ్, లైసెన్సులు’ అని ఒక స్క్రీన్ చేసి పెట్టాను, ఏజీపీఎల్ సంగతి విడిగా మెయిల్ రాశాను. మేనేజర్ నవ్వాడు. “ఏందయ్యా, మిరపకాయల కొట్లో కూర్చునేవాడు లైసెన్సులు చదువుతాడా?” స్క్రీన్ తీసేశారు. క్లీనప్ వేరేవాళ్ళకి ఇచ్చారు. కొన్ని నెలలకి నేను బయటికొచ్చేశాను.

ఇందులో నాకు ఇప్పటికీ మింగుడుపడని భాగం వేరే ఉంది. అదే ఉత్పత్తి ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మా ఒప్పందం ఒకటి వచ్చేది. కాపీ చేయకూడదు, విప్పి చూడకూడదు, ఒక యంత్రానికి ఒకే లైసెన్సు. ఒక వ్యాపారి తన కొడుకు పెట్టిన రెండో కొట్లో అదే సీడీతో ఎక్కించుకున్నాడు. ఆయనకి వకీలు నోటీసు వెళ్ళింది. నోటీసులో ‘మేధోసంపత్తి’, ‘చౌర్యం’ అనే మాటలు నేను కళ్ళారా చూశాను. మిరపకాయల కొట్లో కూర్చునేవాడు అప్పుడు లైసెన్సు చదివి తీరాలన్నమాట!

ఇది ఒక్క కంపెనీ జబ్బు కాదు. మూసినవాడి లైసెన్సు ఇనపకంచె, తెరిచినవాడి లైసెన్సు తడిక. 2019లో పెప్సీకో తన బంగాళదుంప రకం వేశారని గుజరాత్‌లో నలుగురు చిన్న రైతుల మీద తలా కోటి పైన పరిహారం అడుగుతూ కోర్టుకెళ్ళింది. గొడవయ్యాక మే నెలలో వెనక్కి తీసుకుంది. ఇక మన పత్తి సంగతి. బీటీ జన్యువు మీద రుసుము 450 గ్రాముల ప్యాకెట్‌కి 1,250 రూపాయల దాకా పోతే, 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎమ్మార్టీపీ కమిషన్‌కి వెళ్ళి పోరాడింది. ఆ ఏడు ప్యాకెట్ మొత్తం ధరే 750 అయింది. తర్వాత మన నూజివీడు సీడ్స్‌కీ మోన్‌శాంటోకీ అదే రుసుము మీద తగాదా వచ్చి, 2015లో లైసెన్సు రద్దయి, ఢిల్లీ హైకోర్టు, సుప్రీంకోర్టు తిరిగి 2021లో రాజీతో ముగిసింది. ఆ రుసుము న్యాయమా అన్యాయమా అన్నది వేరే వ్యాసం. నాకు ఆ రుసుము అన్యాయంగానే కనపడుతుంది. ఇక్కడ గమనించాల్సింది, ఒక జన్యువు వాడుకున్నందుకు ప్యాకెట్‌కి ఇంత అని లెక్క కట్టి, వసూలు చేసి, అత్యున్నత న్యాయస్థానం దాకా లాగగలిగిన వ్యాపార ప్రపంచం, ‘నా పేరు ఉంచు’ అన్న షరతు దగ్గరికి వచ్చేసరికి “ఎవడు అడుగుతాడు” అంటుంది.

అడిగినవాళ్ళున్నారు. అమెరికాలో బొమ్మ రైళ్ళు నడిపే ప్రోగ్రాం రాసిన జాకబ్‌సన్ అనే ఆయన, తన కోడ్‌ని పేర్లు తీసేసి వాడుకున్న కాట్జర్ మీద కేసు వేశాడు. 2008లో అక్కడి అప్పీలు కోర్టు తేల్చింది: ఓపెన్ సోర్స్ లైసెన్సులో ఉన్నవి కాపీరైటుకి తగిలించిన షరతులు, ఆ షరతులు దాటితే అది కాపీరైటు ఉల్లంఘన. హాన్‌కామ్ అని కొరియన్ లిపిలో రాసుకునే ఆఫీసు సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీ ఉంది. దాని కథ మా పట్టీ కథకి అన్నదమ్ముల వరస. ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే పీడీఎఫ్ ఇంజను ఏజీపీఎల్‌లోనూ దొరుకుతుంది, డబ్బు కట్టి వ్యాపార లైసెన్సుతోనూ దొరుకుతుంది. డబ్బూ కట్టకుండా, కోడూ ఇవ్వకుండా వాడారని దాని యజమాని ఆర్టిఫెక్స్ 2016లో దావా వేస్తే, కొట్టేయమన్న హాన్‌కామ్ వాదనని 2017లో కోర్టు ఒప్పుకోలేదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది లింక్‌సిస్ రౌటర్ కథ. 2003లో డబ్ల్యూఆర్‌టీ54జీ అనే నీలం-నలుపు డబ్బా లోపల లినక్స్ ఉందని కొందరు కనిపెట్టి నిలదీశారు. జీపీఎల్ ప్రకారం కంపెనీ కోడ్ బయటపెట్టాల్సొచ్చింది. ఆ కోడ్ మీంచి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పుట్టి, ఇవాళ వందల రకాల రౌటర్ల మీద నడుస్తోంది. దాని పేరులో ఆ డబ్బా పేరు అలాగే ఉంది, మన 334లాగా. షరతు నిలబడితే కాపు ఎలా వస్తుందో అదీ. పాపం లింక్‌సిస్‌కేమీ నష్టం కూడా రాలేదు, ఆ మోడల్ ఏళ్ళ తరబడి అమ్ముకుంది.

“మేం చిన్నవాళ్ళం, పెద్ద కంపెనీల్ని అడగండి” అనే వాదన ఒకటుంది. దీనికి నా దగ్గర ఓపిక తక్కువ. పేరు ఉంచడానికి పెట్టుబడి అక్కర్లేదు. పైగా పెద్ద కంపెనీలు కనీసం వకీళ్ళకి భయపడి ఆ పేజీ పెడతాయి. ఇంకో వాదన: “మా కోడ్ బయటపెడితే పోటీవాడు ఎత్తుకుపోతాడు.” ఎంఐటీ, బీఎస్‌డీ, అపాచీ మీ కోడ్ అడగనే లేదు. జీపీఎల్ అడుగుతుంది, నిజమే. నచ్చకపోతే ముట్టుకోకండి. వండినావిడ అందరికీ పెట్టమని చెప్పి ఇచ్చిన గిన్నె అది. తలుపేసుకుని తినాలనుకునేవాడు సొంతంగా వండుకోవాలి.

ఇక “వాళ్ళకి తరిగిందేముంది” అన్నది. వాళ్ళ సంగతి తర్వాత, ముందు కొన్నవాడికి ఏం తరిగిందో చూద్దాం. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే అనే చిన్న లైబ్రరీలో పెద్ద కన్నం బయటపడింది. ప్రపంచమంతా ఒకటే ప్రశ్న: మా సాఫ్ట్‌వేర్‌లో అది ఉందా? లైసెన్సుల జాబితా ఉన్నవాళ్ళు గంటలో జవాబు చెప్పుకోగలరు. పేర్లు చెరిపి ప్యాకేజీలు మార్చినవాళ్ళు ఏం చెబుతారు? కోల్డ్ స్టోరేజీలో టిక్కీల మీద మార్కులన్నీ తుడిచేసి, తర్వాత ఏ రైతు సరుకులో బూజు పట్టిందో చెప్పమన్నట్టుంటుంది. మా ‘క్లీనప్’ చేసిన సాఫ్ట్‌వేర్‌లో వందల మంది రైతుల బాకీలు, వడ్డీలు, ఫోన్ నంబర్లు ఉన్నాయి. దానిలో ఏమేం లైబ్రరీలున్నాయో ఇవాళ ఆ కంపెనీలో చెప్పగలిగినవాళ్ళు ఉన్నారని నేను అనుకోను.

రాసినవాళ్ళకి తరిగిందీ ఉంది. 2014లో హార్ట్‌బ్లీడ్ కన్నం బయటపడినప్పుడే చాలామందికి తెలిసింది, బ్యాంకులూ దుకాణాలూ నమ్ముకున్న ఓపెన్ఎస్ఎస్ఎల్‌కి ఏడాదికి వచ్చే విరాళాలు రెండు వేల డాలర్లని. ఎవరి కోడ్ మీద బతుకుతున్నామో కనపడితే కదా, వాళ్ళకి ఏదైనా ఇవ్వాలని తోచేది.

తెలుగులో దీన్ని శుభ్రంగా చేసినవాళ్ళు లేకపోలేదు. మనలో చాలామంది మొదటి తెలుగు వాక్యం కంప్యూటర్‌లో లేఖినిలో టైపు చేశాం. వీవెన్ తయారుచేసిన ఆ లేఖిని, వెన్నా నాగార్జున రాసిన పద్మ మీద ఆధారపడింది. ఆ సంగతి దాచలేదు, చెప్పుకుంది. చెప్పుకున్నందుకు లేఖిని ఏం చిన్నబోయింది?

కాబట్టి నా కోరిక చిన్నది. మీ ఫోన్‌లో తెలుగు పుస్తకాలు అమ్మే యాప్, కథలు వినిపించే యాప్, పంచాంగం, వార్తలు, ఏదైనా సరే తెరిచి సెట్టింగ్స్‌లోకి వెళ్ళండి. ‘ఓపెన్ సోర్స్ లైసెన్సులు’ అని ఒక వరస ఉందేమో వెతకండి. లేకపోతే వాళ్ళకి మర్యాదగా ఒక ఉత్తరం రాయండి: ఏ ఫాంటు వాడారు, ఏ లైబ్రరీలు, ఏ లైసెన్సులు? జవాబు రాకపోతే రివ్యూలో రాయండి. నక్షత్రాలకి భయపడినంతగా వీళ్ళు చట్టానికి భయపడరు. రేపు మీ పుస్తకం అచ్చుకి వెళ్ళేటప్పుడు ‘ముఖచిత్రం, అక్షరకూర్పు’ అని వేసేచోట ఫాంటు పేరూ దాన్ని గీసినవారి పేరూ ఇంకో లైన్ వేయమని ప్రచురణకర్తకి చెప్పండి. జనవరిలో బెజవాడ పుస్తకాల పండక్కి వస్తాను. కొత్త పుస్తకం తీస్తే ముందు ఆ పేజీయే తిప్పుతాను.